పెద్దల రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ముసలి కిడ్నీకి ఆక్సిజన్ చాలనప్పుడు

"వేలికి పెట్టే మీటర్ 98 చూపిస్తోంది కదండీ, మరి మా అమ్మ కిడ్నీకి ఆక్సిజన్ తక్కువెలా అవుతుంది?" అని పోయిన పాఠం చదివి గుణుపురం నుంచి ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. రక్తం ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ నింపుకుందా లేదా అన్నదే ఆ మీటర్ చెప్తుంది. అది కిడ్నీ లోపలి దాకా చేరిందో లేదో దానికి తెలీదు.

రెండు కిడ్నీలూ కలిపి 300 గ్రాములు తూగుతాయి, అంతే. గుండె పంపే రక్తంలో మాత్రం ఐదో వంతు, అంటే నిమిషానికి దాదాపు ఒక లీటరు, వాటికే పోతుంది. అందులో ఎక్కువ భాగం పైపొరలోనే వడపోతకి తిరుగుతుంది. లోపలి భాగం మెడుల్లా. దాని పరిస్థితి కాలువ చివరి మడిలా ఉంటుంది. పైపొరలో ఆక్సిజన్ పీడనం 50 మిల్లీమీటర్ల (పాదరసం) దాకా ఉంటే లోపల 10 నుంచి 20 మధ్యే. పాతికేళ్ల కుర్రాడికైనా ఇంతే. చాకిరీ చూస్తే, రోజుకి 180 లీటర్లు వడకట్టి, ఒకటిన్నర లీటరు మూత్రంగా వదిలి, మిగతాదంతా వెనక్కి తీసుకోవాలి. కిడ్నీ వాడే ఆక్సిజన్‌లో సింహభాగం ఉప్పుని వెనక్కి లాగడానికే ఖర్చవుతుంది.

వయసు మీద పడేకొద్దీ సన్న రక్తనాళాలు గట్టిపడతాయి, కొన్ని మాయమవుతాయి. మధ్యలో పీచులాంటి మచ్చ పేరుకుని ఆక్సిజన్ దాటాల్సిన దూరం పెరుగుతుంది. నెఫ్రాన్లు, అంటే కిడ్నీలో వడకట్టే చిన్న చిన్న భాగాలు, తగ్గి, ఆ పని కూడా మిగిలినవాటి నెత్తిన పడుతుంది. అందేది తక్కువ, ఖర్చు ఎక్కువ.

ఇప్పుడు రిపోర్టు తీయండి. ముందు క్రియాటినిన్, అంటే కండల నుంచి వచ్చే, కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం. 1.2 ఉంటే చాలామంది "నార్మలే" అని మడిచి పెట్టేస్తారు. పక్కన ఈజీఎఫ్ఆర్ కూడా చూడాలి, అంటే కిడ్నీలు నిమిషానికి ఎంత వడకడుతున్నాయన్న అంచనా. అదే 1.2కి 30 ఏళ్ల మగాడికి ఈజీఎఫ్ఆర్ 83 వస్తే, 75 ఏళ్ల ఆవిడకి 47 వస్తుంది. పెద్దవాళ్లకి కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ తక్కువగా తయారవుతుంది, అందుకే అంకె మంచిగా కనిపిస్తుంది. ల్యాబ్ ఈజీఎఫ్ఆర్ వెయ్యకపోతే అడిగి వేయించుకోండి. 60 లోపు మూడు నెలలకి మించి ఉంటే డాక్టరు దాన్ని కిడ్నీ జబ్బుగానే లెక్కేస్తారు. మనవాళ్లు ఒకసారి శ్రీకాకుళంలో, ఇంకోసారి బరంపురంలో పరీక్ష చేయిస్తుంటారు. వీలైతే ఒకే ల్యాబ్‌కి వెళ్లండి, పాత కాగితం మాత్రం వెంట ఉండాలి.

రెండోది హిమోగ్లోబిన్, రక్తంలో ఆక్సిజన్ మోసే పదార్థం. దీన్ని కిడ్నీ రిపోర్టుతో కలిపి చూసేవాళ్లు తక్కువ. ఆక్సిజన్ తగ్గిందని పసిగట్టి, ఎర్రకణాలు తయారు చెయ్యమని ఎముక మజ్జకి ఎరిత్రోపోయిటిన్ పంపేది కిడ్నీయే. కణాలు ఈ కొరతని ఎలా పసిగడతాయో తేల్చినందుకే 2019లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. వాళ్లలో పీటర్ రాట్‌క్లిఫ్ కిడ్నీ డాక్టరే. మచ్చపడిన కిడ్నీలో ఆ హార్మోన్ తయారుచేసే కణాలు పని మానేస్తాయి. రక్తం తగ్గుతుంది, దాంతో కిడ్నీకి ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది. ఆడవాళ్లకి 12, మగవాళ్లకి 13 లోపుంటే, వయసు కదా అని వదిలెయ్యకుండా కారణం అడగండి.

మూడోది రిపోర్టులో ఉండదు, మందుల సంచిలో ఉంటుంది. మోకాళ్ల నొప్పికి షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి బిళ్లలు. మెడుల్లాకి పోయే నాళాల్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లని ఇవి అడ్డుకుంటాయి. బీపీ బిళ్ల, నీరు పోయే బిళ్ల వాడుతూ, ఎండల్లో విరేచనాలు పట్టుకున్న మనిషి ఇది కూడా వేసుకుంటే కిడ్నీ ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. అలాగని బీపీ మందు మీరే ఆపెయ్యకండి, ఆ రోజే డాక్టరుకి ఫోన్ చెయ్యండి.

ఉద్దానం మనకి పక్కనే కాబట్టి ఒక మాట. అక్కడి కిడ్నీ జబ్బు నడివయసు కూలీలకీ వస్తోంది, కారణం ఇంకా తేలలేదు. ఈ పాఠాన్ని దానికి ముడిపెట్టకండి.

అభ్యాసం: 72 ఏళ్ల పెద్దాయన. క్రియాటినిన్ 1.4, ఈజీఎఫ్ఆర్ 53, హిమోగ్లోబిన్ 10.8. రెండు రోజులుగా వాంతులు, సంచిలో బీపీ మందుతో పాటు నొప్పి బిళ్లల స్ట్రిప్పు, సగం ఖాళీ. డాక్టరుకి ముందుగా ఏం చెప్తారు, పాత కాగితాల్లో ఏ అంకె వెతుకుతారు? రాసి ఉంచుకోండి, 5వ పాఠం అక్కణ్నుంచే మొదలవుతుంది.