లైటు స్విచ్ పక్కనే సాకెట్: నా అనుభవం

మంచం పక్కన చార్జింగ్‌కి సాకెట్ లేదు, లైటు స్విచ్ మాత్రం ఉంది. మెయిన్ ఆఫ్ చేసి, టెస్టర్‌తో రెండుసార్లు చూసుకుని బోర్డు విప్పాను. లోపల రెండే వైర్లు: ఫేజ్ (కరెంటు వచ్చే వైరు), బల్బుకి వెళ్లేది. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరు లేదు! ఆ రెండింటికే సాకెట్ కలిపితే బల్బుతో సిరీస్‌లో (ఒకే దారిలో ఒకదాని వెనక ఒకటిగా) పడుతుంది, చార్జర్‌కి సరైన వోల్టేజీ అందదు. షాక్ నుంచి కాపాడే ఎర్త్ వైరుని న్యూట్రల్‌గా వాడటమైతే ప్రాణాపాయం. టెన్షన్ పడి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. ఆయన వైర్లు కలిసే జంక్షన్ బాక్స్ నుంచి అదే లైట్ల లైను న్యూట్రల్, ఎర్త్ లాగారు. స్క్రూ కింద నల్లబడిన వైరు కొస కత్తిరించి మళ్లీ బిగించారు. సాకెట్‌కి ఫేజ్‌ని లైటు స్విచ్‌కి ముందే తీసుకున్నారు. లేకపోతే లైటు ఆపగానే చార్జింగూ ఆగిపోయేది. లైట్ల లైను వైరు సన్నం కాబట్టి ఇస్త్రీపెట్టె, హీటర్ ఇక్కడ పెట్టొద్దని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను.