నాన్నగారి టీవీకి వైర్‌లెస్ హెడ్‌సెట్: నా అనుభవం

నాన్నగారికి వినికిడి తగ్గాక మా టీవీ వీధి చివరిదాకా వినపడేది. అయినా ఆయన గొడవ ఒకటే: "శబ్దం వస్తోందిరా, మాటే తెలియట్లేదు." వయసుతో ముందు పోయేది సన్నటి ధ్వనులే, స, ష, ఫ లాంటివి అక్కడే ఉంటాయి. సౌండు పెంచితే వెనక వాయించే మోత కూడా పెరుగుతుంది.

మొదట నా బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టి చూశాం. మాట తెలుస్తోంది గానీ, యాంకర్ పెదవులు కదిలిన తర్వాత వస్తోంది. పెదవులు చూసి పోల్చుకునే మనిషికి అది నరకం. పైగా టీవీ స్పీకర్లు మూగబోయాయి, అమ్మ సీరియల్ గోవిందా!

అందుకే ఛార్జింగ్ స్టాండుతో వచ్చే రేడియో రకం కొన్నాను, ఆ స్టాండే టీవీ సౌండుని హెడ్‌సెట్‌కి పంపుతుంది. స్టాండును టీవీ వెనక ఆప్టికల్ సాకెట్‌కి (సౌండుని కాంతి రూపంలో బయటికి పంపేది) కలిపితే ఉలుకూ పలుకూ లేదు. సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ అవుట్‌పుట్‌ని డాల్బీ (కుదించి పంపే సౌండు) నుంచి పీసీఎంకి (కుదించని సాదా సౌండు) మార్చగానే పలికింది. చాలా స్టాండ్లకు డాల్బీ అర్థం కాదు. మా టీవీలో ఆప్టికల్‌తో పాటు స్పీకర్లూ మోగుతాయి. అన్నిట్లో అలా ఉండదు, కొనేముందు చూసుకోండి.

చెవి మిషన్ వాడేవాళ్లకి చెవంతా కప్పే రకమే నయం. బ్యాలెన్స్ మీట ఉన్నది దొరికితే వదలొద్దు. నాన్నకి కుడి చెవి మందం, అటువైపు కాస్త పెంచాను.