బెన్ నెవిస్ ఎక్కే ముందు జాగ్రత్తలు

మంచి పనికి విరాళాలు పోగుచేయడం కోసం ఇంటిల్లిపాదీ స్కాట్లాండ్‌లోని బెన్ నెవిస్ కొండ ఎక్కుతున్నారా? ఎత్తు 1,345 మీటర్లే. కానీ నడక దాదాపు సముద్రమట్టం నుంచే మొదలవుతుంది, తేలిగ్గా తీసుకోవద్దు.

- కొత్త బూట్లతో కొండెక్కొద్దు. నెల రోజుల ముందునుంచే వాటితో నడవండి. మా ఆయన వింటేగా! ప్రాక్టీసులోనే మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ.
- జీన్స్ వద్దు. తడిస్తే ఓ పట్టాన ఆరదు, ఒళ్లు చల్లబడిపోతుంది. కింద ఎండ కాస్తున్నా వాన కోటు, ఊలు టోపీ, గ్లౌజులు అందరి సంచుల్లోనూ ఉండాలి.
- పైన పొగమంచు కమ్మితే దారి కనిపించదు. కాగితం మ్యాపు, దిక్సూచి, వాటిని వాడటం తెలిసిన మనిషి కావాలి.
- ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో ముందే అనుకోండి. విరాళాలిచ్చినవాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడొద్దు.
- ఆపదలో 999కి ఫోన్ చేసి ముందు పోలీసులను, తర్వాత మౌంటెన్ రెస్క్యూను (కొండల్లో చిక్కుకున్నవాళ్లను కాపాడే దళాన్ని) అడగాలి.