అన్నం సయించట్లేదంటే ముందు మాత్రల డబ్బా చూడండి

అమ్మకి షుగర్ వచ్చి మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా మొదలుపెట్టిన మూడో వారం. ముద్దపప్పు, ఆవకాయ కలిపిన అన్నం కూడా పక్కకి నెట్టేసింది. "నోట్లో ఇనప ముక్క పెట్టుకున్నట్టుందే" అంది. కూరలు మార్చాను, బతిమాలాను, ఆఖరికి విసుక్కున్నాను. మాత్ర మీదకి మాత్రం అనుమానం పోలేదు.

మీరలా వారాలు పోగొట్టుకోకండి. పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో, ఎప్పుడు తిన్నారో, వికారం ఎప్పుడొచ్చిందో ఒక వారం రాయండి. మా అమ్మ ఏడింటికి పరగడుపున మాత్ర మింగి, తొమ్మిదింటికి టిఫిన్ చేస్తోంది. వికారమంతా ఆ మధ్యలోనే! మెట్‌ఫార్మిన్ తిండితో పాటే వేసుకోవాలి. రెండు ఇడ్లీలు తిన్నాక మాత్ర, ఆ తర్వాత మూడోది అన్నాను. దాంతో సగం తగ్గింది. డాక్టరుగారు నెమ్మదిగా కరిగే రకానికి మార్చాక మిగతాదీ తగ్గింది. చీటీలో ఎస్.ఆర్. అనో ఎక్స్.ఆర్. అనో ఉంటుంది. దాన్ని నమలకూడదు, పొడి చేయకూడదు.

నోటికి పులుపు పనికొచ్చింది: నిమ్మరసం పిండిన చారు, పుదీనా పచ్చడి. స్టీలు గ్లాసు మాన్పించి గాజు గ్లాసులో మజ్జిగ ఇచ్చాను. గాజు మహిమో, అమ్మ నమ్మకమో గానీ తాగింది.

చీటీలో గ్లిమెపిరైడ్ అనే ఇంకో షుగర్ మాత్ర కూడా ఉంటే ఇంకాస్త జాగ్రత్త. అది వేసుకుని తినకపోతే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. అప్పుడు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. తినలేని పూట ఏం చేయాలో డాక్టర్ని ముందే అడిగి చీటీ వెనక రాయించుకోండి. మీ అంతట మీరు మాత్రలు ఆపేయొద్దు.

ఆకలి తిరిగొచ్చింది కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. నాలుగో ఏడు అమ్మకి అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. షుగర్ వల్లే అనుకున్నాం. పరీక్ష చేయిస్తే బి12 విటమిన్ బాగా తక్కువ. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే కొందరికి పేగులు బి12ని సరిగ్గా పీల్చుకోవు. గ్యాస్‌కని రోజూ వేసుకునే పాంటోప్రజోల్ కూడా అంతే. అమ్మ నీచు ముట్టదు, గుడ్డు కూడా తినదు. బి12కి పాలూ పెరుగే దిక్కు. చివరికి ఇంజెక్షన్లు రాశారు. మూడు నెలల షుగర్ పరీక్షకి వెళ్లినప్పుడు అప్పుడప్పుడూ బి12 కూడా రాయమని అడగండి. ఒక్క సూదిపోటుతో రెండూ అయిపోతాయి.