ఒక తెలుగు మాట, రెండు ఇంగ్లిషు మాటలు - 4వ పాఠం: మళ్లీ ‘చెప్పు’ దగ్గరికే

ఈసారి ‘చూడు’ గురించి రాయాలనుకున్నాను. సీ, లుక్, వాచ్ మూడింటికీ ఉదాహరణలు సిద్ధం చేసుకున్నాను కూడా. తీరా మీ అభ్యాసాలు దిద్దడానికి కూర్చుంటే మొదటి పుటలోనే ‘హి టోల్డ్ టు మి’ ఎదురైంది. తర్వాతి పుటలోనూ అదే. ‘షి సెడ్ మి’ రాసినవారూ తక్కువేమీ కాదు. ఈ గుంత పూడ్చకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు.

‘అను’కు సే, ‘చెప్పు’కు టెల్ అని పోయిన పాఠంలో చెప్పాను. క్రియను మీరు సరిగానే ఎంచుకున్నారు. జారిపడింది విభక్తి దగ్గర. ‘నాకు చెప్పాడు’ అనుకోగానే ఆ ‘కు’ చెవిలో మోగుతుంది, చేయి దానంతట అదే ‘టు’ రాసేస్తుంది. ‘నాకు’ అంటే ‘టు మి’ అని చిన్నప్పుడు వల్లెవేసిన చదువు ఇలా అడ్డం వస్తుంది. టెల్ తర్వాత వినేవారు నేరుగా రావాలి: టోల్డ్ మి. సే తర్వాత వినేవారు రావాలంటే ‘టు’ తోడుండాలి: సెడ్ టు మి.

నేను వాడే కొండగుర్తు ఇది. ‘నాతో అన్నాడు’, ‘నాకు చెప్పాడు’. ‘తో’ ఉంటే టు పెట్టండి, ‘కు’ ఉంటే తీసేయండి. ‘అమ్మతో చెప్పాను’ అనే అలవాటున్నవారు ముందు దాన్ని ‘అమ్మకు’ అని మార్చుకోండి. ఈ గుర్తు ఈ రెండు క్రియలకే. ఎక్స్‌ప్లెయిన్‌కు వర్తించదు. ‘నాకు వివరించాడు’ అన్నప్పుడు అక్కడ ‘టు మి’ ఉండి తీరాలి.

‘చెప్పు’ కనిపించిన ప్రతిచోటా టెల్ పెట్టడం ఇంకో పొరపాటు. కథ, నిజం, అబద్ధం చెబితే టెల్. క్షమాపణ, కృతజ్ఞత, ప్రార్థన చెబితే సే. పాఠం చెబితే రెండూ కాదు, టీచ్. ఫోను ఎత్తి మనం ‘చెప్పండి’ అంటాం చూడండి, దాన్ని ‘టెల్ మి’ అని మార్చకండి. మన మాటలో ఉన్న మర్యాద అందులో వినిపించదు. ‘యెస్’ అంటే చాలు.

గడియారం చూసి సమయం చెప్పడానికీ టెల్ ఎందుకో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. పాత ఇంగ్లిషులో ఆ క్రియకు లెక్కపెట్టడం అనే అర్థం కూడా ఉండేది. బ్యాంకులో నోట్లు లెక్కపెట్టి ఇచ్చే ఉద్యోగిని టెల్లర్ అనడం అందుకే. ఏటీఎంలోని ‘టి’ కూడా ఆ టెల్లరే.

‘చూడు’కు ఈసారికి ఇంతే: కంటపడితే సీ, చూపు తిప్పితే లుక్, జరుగుతున్నదాన్ని కాసేపు గమనిస్తే వాచ్.

అభ్యాసం: రేపు ఒక రోజంతా చిన్న పుస్తకం దగ్గర పెట్టుకోండి. ఇంట్లో, బస్సులో, పనిచేసే చోట వినిపించే ‘అను’, ‘చెప్పు’ వాక్యాలను ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. కనీసం 40 ఉండాలి. రాత్రికి ఇంగ్లిషులోకి మార్చి, ‘టు’ రాసిన ప్రతిచోటా పక్కన కారణం రాయండి. కారణం లేని ‘టు’ను నేను తప్పుగానే దిద్దుతాను.