బీరువాలో దొరికిన వాచీకి వెంటనే కీ ఇవ్వకండి

నాన్నగారిదో తాతగారిదో కీ ఇచ్చే పాత హెచ్ఎంటీ జనతా వాచీ బీరువా అడుగున దొరికితే చెయ్యి ముందు కీ మీదకే పోతుంది. దయచేసి ఆగండి. ఏళ్ల తరబడి కదలని వాచీలో నూనె ఎండి జిగురులా తయారవుతుంది. అలాగే తిప్పితే ఆడుతుంది, టిక్ టిక్ వినగానే ప్రాణం లేచి వస్తుంది కూడా. కానీ నూనె లేని ఇరుసులు లోపల అరుగుతూ ఉంటాయి. ముందు సర్వీసింగ్ చేయించండి: మొత్తం విప్పి, కడిగి, కొత్త నూనె వేయాలి. పైపైన చుక్క వేసి ఇస్తే అది సర్వీసింగ్ కాదు.

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉక్క, చెమట, సముద్రపు గాలి ఎక్కువ. పాత వాచీల్లో కీ పక్క నుంచే తేమ దూరుతుంది. అద్దం లోపల ఆవిరి కనబడితే బియ్యం డబ్బాలో పెట్టి ఊరుకోకండి, ఆ రోజే విప్పించండి. తుప్పు ఆగదు.

డయల్‌ని మాత్రం ముట్టుకోనివ్వకండి. "కొత్తదానిలా చేసిస్తాం" అంటే నేను ఒకసారి సరేనన్నాను. నాన్నగారి వాచీ మీది అసలు అక్షరాలు చెరిగిపోయాయి, ఇప్పటికీ బాధే. మరకలున్నా సరే, అసలు డయల్‌కే విలువ.

సర్వీసింగ్ అయ్యాక రోజూ పొద్దున్న ఒకే వేళకి కీ ఇవ్వండి. బిగిసినట్టు అనిపించగానే ఆపేయండి. స్పీకర్ల దగ్గర పెట్టకండి, అయస్కాంతం తగిలితే వాచీ ముందుకు పరిగెడుతుంది.