‘సర్వెంట్’ సిరీస్ చూడబోయేవారికి

ముందుగా ఒక హెచ్చరిక. మీ ఇంట్లో బిడ్డను పోగొట్టుకున్నవారు ఉంటే, ముఖ్యంగా ఆ గాయం ఇంకా పచ్చిగా ఉంటే, వారిని ఈ సిరీస్ చూడటానికి కూర్చోబెట్టకండి. నేను ప్రసూతి వార్డులో నర్సుగా చాలా ఏళ్లు పనిచేశాను. ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లిన తల్లులను చూశాను. ‘సర్వెంట్’లోని భయమంతా ఆ ఖాళీలోంచే పుడుతుంది.

కథ ఫిలడెల్ఫియాలోని ఒక పాత ఇంట్లో నడుస్తుంది. డొరొతీ టీవీ విలేకరి, భర్త షాన్ పేరున్న షెఫ్. వారి పసివాడు జెరికో చనిపోయాడు. ఆ నిజాన్ని డొరొతీ మనసు మోయలేకపోయింది. ఆమె కోలుకోవడం కోసం అచ్చం పసిబిడ్డలా ఉండే బొమ్మను చేతికిచ్చారు. ఆమెకు ఆ బొమ్మే జెరికో. దాన్ని చూసుకోవడానికి విస్కాన్సిన్ నుంచి లియాన్ అనే అమ్మాయి ఆయాగా వస్తుంది. రహస్యం బయటపెట్టేశానని కంగారుపడకండి, ఇదంతా మొదటి ఎపిసోడ్‌లోనే తెలిసిపోతుంది.

ఆపిల్ వారి వేదికపై 2019 నవంబరులో మొదలై 2023 మార్చిలో ముగిసిన ఈ సిరీస్‌లో నాలుగు సీజన్లు, మొత్తం 40 ఎపిసోడ్లు ఉన్నాయి. రూపకర్త టోనీ బాస్‌గాలప్. నిర్మాణ బాధ్యత వహించిన ఎం. నైట్ శ్యామలన్ కొన్ని ఎపిసోడ్లకు దర్శకత్వం కూడా చేశారు. ఒక్కో ఎపిసోడ్ దాదాపు అరగంటే కాబట్టి వరుసగా చూసేయాలనిపిస్తుంది. అలా చూడకండి. మొదట్లో మూడు ఎపిసోడ్లు ఒకేసారి ఇచ్చి, తర్వాత వారానికొకటి విడుదల చేశారు. మీరూ మొదటి మూడూ దగ్గర దగ్గరగా చూసి, ఆపైన రాత్రికి ఒకటి చొప్పున చూడండి. మధ్యలో దొరికే పగటిపూట మనసు దాని పని అది చేసుకుపోతుంది. కూరగాయలు తరుగుతుంటే లియాన్ అన్న ఒక మాట హఠాత్తుగా గుర్తొచ్చి చెయ్యి ఆగిపోతుంది.

ఫ్యాను చప్పుడు వినిపించే గదిలో చూస్తే సగం పోతుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. చెక్కమెట్ల కిర్రుమనే శబ్దం, గిన్నెల చప్పుడు, పసిబిడ్డ గదిలోంచి మానిటర్‌లో వచ్చే గరగర, ఇవే ఇక్కడి దెయ్యాలు. లియాన్ పాత్రధారి నెల్ టైగర్ ఫ్రీ చాలా నెమ్మదిగా మాట్లాడుతుంది కాబట్టి సబ్‌టైటిల్స్ కూడా ఉంచండి.

ఇక ఏం చూడాలి? బొమ్మను కాదు. డొరొతీ బిడ్డ గురించి మాట్లాడినప్పుడల్లా పక్కనున్నవారి ముఖాలు చూడండి. షాన్ తల వంచుకుంటాడు. ఆమె తమ్ముడు జూలియన్ వైన్ గ్లాసు అందుకుంటాడు. ప్రేమకొద్దీ ఒక ఇల్లంతా కలిసి అబద్ధమాడుతోంది. డొరొతీ ఎదురుగా లేనప్పుడు కూడా లియాన్ ఆ బొమ్మను బిడ్డలాగే ఎందుకు చూస్తోంది? ఈ ప్రశ్నను వదలకుండా పట్టుకుంటే కథ మీకు లొంగుతుంది. డొరొతీని పిచ్చిదని కొట్టిపారేస్తే మాత్రం అసలు కథ చేజారినట్టే. లారెన్ ఆంబ్రోస్ ఆ పాత్రను ఎంత నిజాయితీగా చేసిందంటే, వార్డులో నేను చూసిన ముఖాలు కళ్లముందు కదిలాయి.

వంటగదిని తేలిగ్గా తీసుకోకండి. షాన్ వండేవన్నీ కథలో భాగమే, అతని నాలుకను గమనిస్తూ ఉండండి. మొదటి సీజన్ ఎపిసోడ్ల పేర్లు కూడా ‘ఈల్’ (పాముచేప), ‘క్రికెట్’ (ఆట కాదు, కీచురాయి), ‘హ్యాగిస్’ (గొర్రె లోపలి భాగాలతో చేసే స్కాట్లాండ్ వంటకం) అంటూ ఒక్కో మాటే. ఆ వస్తువు ఎప్పుడు, ఎవరి చేతికి వస్తుందో చూడండి. పాముచేపను కోసే దృశ్యం దగ్గర కళ్లు మూసుకున్నా తప్పులేదు. అన్నం తింటూ మాత్రం చూడకండి.

మొదటి సీజన్ తొమ్మిదో ఎపిసోడ్, ‘జెరికో’, పడుకునే ముందు వద్దు. మరుసటి రోజు సెలవు ఉన్న సాయంత్రానికి దాన్ని ఉంచుకోండి, వీలైతే పక్కన ఒక మనిషిని పెట్టుకోండి. నా మటుకు నాకు మొత్తం సిరీస్‌లో అంతకు మించిన ఎపిసోడ్ లేదు. అందులో దెయ్యం లేదు. నిద్రలేని బాలింత, సాయం చేసే మనిషి లేని ఇల్లు ఉన్నాయంతే.

రెండో సీజన్ మధ్యలో కథ కొంత సాగినట్టు అనిపిస్తుంది, అక్కడ వదిలేయకండి. మూడో సీజన్‌లో భయం చేతులు మారుతుంది. ఇతరులను భయపెట్టిన లియానే వీధి వైపు చూసి వణుకుతుంది. ఓపిక లేనివారు మొదటి సీజన్‌తో ఆపుకోవచ్చు. జెరికోకు ఏమైందో అక్కడికి తెలుస్తుంది. లియాన్ ఎవరో తెలియాలంటే మిగిలిన మూడూ చూడాల్సిందే.